విరేచనాలకు మారేడు పండు కాదు, పచ్చి కాయ

సంపాదకులకు నమస్కారం.

వేసవి పానీయాల మీద మొన్న ఆదివారం మీరు వేసిన వ్యాసంలో మారేడు పండు షర్బత్ తాగితే విరేచనాలు కట్టేస్తాయని రాశారు. మర్నాటి నుంచి మా కొట్టుకి వచ్చినవాళ్ళందరిదీ అదే మాట. విజయవాడ వన్‌టౌన్‌లో మూలికలు అమ్ముకునేవాణ్ణి. బేరం పెరిగితే నాకు సంతోషమే గానీ, ఆ మాట మాత్రం తప్పు.

విరేచనాలకి ఆయుర్వేదం చెప్పింది పచ్చి కాయని. భావప్రకాశం అనే పాత ఆయుర్వేద గ్రంథంలో ఈ సంగతి సూటిగానే ఉంది: పండ్లన్నిటికీ పండాకే గుణం, ఒక్క మారేడు మాత్రం పచ్చిదే మేలు. ద్రాక్ష, మారేడు, కరక్కాయ ఎండితే గుణం ఇంకా ఎక్కువని కూడా అక్కడే చెప్పారు. పచ్చి కాయలో ఉండే వగరే విరేచనాన్ని కడుతుంది. పండితే వగరు తగ్గి తీపెక్కుతుంది, అరగడం కష్టం, పైగా విరేచనం సాఫీగా అయ్యేట్టు చేస్తుంది. మలబద్ధకం ఉన్నవాళ్ళకి పండు తినమనేది అందుకే. నీళ్ళ విరేచనాలతో నీరసపడ్డ పిల్లాడికి అదే పండు షర్బత్ గ్లాసుల కొద్దీ పట్టిస్తే ఏమవుతుంది? దాంట్లో పోసే పంచదార సంగతి సరేసరి.

మేం అమ్మేది ఎండు ముక్కలు. ఉత్తరాది నుంచి వచ్చే బస్తాల మీద 'బేల్‌గిరి' అని ఉంటుంది. పచ్చి కాయని పెంకుతో సహా అడ్డంగా కోసి ఎండబెడతారు. గుజ్జు ఇటుక రంగుకి తిరుగుతుంది, గింజల చుట్టూ ఉన్న జిగురు గాజులా గడ్డకడుతుంది. చిన్న ముక్క నాలిక మీద పెట్టుకోండి, నోరు వగరెక్కాలి. నల్లగా, మెత్తగా, తియ్యగా ఉంటే పండిన కాయని కోశారన్నమాట, కొనకండి. (కార్తీకంలో ఆకు కోసం కొమ్మలు విరుచుకుపోయేవాళ్ళు ఈ కాయ వంక చూడనే చూడరు, అది వేరే బాధ.)

షుగర్ మాత్రలు వేసుకుంటూనే మారేడాకు రసం తాగేవాళ్ళూ కనిపిస్తున్నారు. డాక్టరుకి చెప్పకుండా రెండూ కలిపితే షుగర్ మరీ పడిపోవచ్చు, జాగ్రత్త.

దయచేసి సవరణ వేయండి. నా మాట మీద నమ్మకం లేకపోతే మన ఊళ్ళోనే నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అక్కడ అడగండి. పసిపిల్లలకి విరేచనాలైతే ముందు ఓఆర్‌ఎస్ పట్టాలని, రక్తం పడితే మా కొట్టుకి కాదు, ఆస్పత్రికి వెళ్ళాలని కూడా ఆ సవరణలోనే రాయండి.

- ఒక మూలికల వ్యాపారి, వన్‌టౌన్, విజయవాడ