పాత డీజిల్ బళ్ళున్న మా కస్టమర్లకు: డ్రమ్ము ఆయిల్ ఇక పొయ్యం

వచ్చే ఒకటో తారీఖు నుంచి మన షాపులో డ్రమ్ములోంచి పోసే లూజు ఇంజన్ ఆయిల్ ఉండదు. సీలు డబ్బా మీ ముందే తీసి పోస్తాం. బిల్లు కొంచెం పెరుగుతుంది, ముందే చెప్పేస్తున్నా. ఇంతకంటే తక్కువకు పోసేవాళ్ళు ఆటోనగర్‌లోనే దొరుకుతారు, కాదనను.

జీపులు, సుమోలు, పాత బొలేరోలే వచ్చే రోజుల్లో 15డబ్ల్యూ-40 (ఆయిల్ చిక్కదనం గ్రేడు) డ్రమ్ము ఒక్కటుంటే షాపు నడిచిపోయేది. ఇప్పుడు 2008 బండి పక్కనే బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి నిలబడుతోంది, ఒకే డ్రమ్ము రెండిటికీ సరిపోదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన ఆ డీజిల్ కార్లకు పొగగొట్టం లైన్లో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. పాత రకం సీఐ-4 (డబ్బా మీద రాసే నాణ్యత రకం) ఆయిల్ పోస్తే దాని బూడిద ఆ ఫిల్టరులో పేరుకుంటుంది. మసి అయితే కాలిపోతుంది, బూడిద కాలదు. అదే సీఐ-4 పాత బొలేరోకి బ్రహ్మాండంగా సరిపోతుంది. 2016లో వచ్చిన కొత్త రకం సీకే-4 కూడా పాత బళ్ళకి పోయొచ్చు గానీ, నన్నడిగితే ఆ అదనపు ఖర్చు దండగ.

ఇక అసలు గొడవ. "బండి పాతదైంది, పొగ వస్తోంది, చిక్కటి ఆయిల్ పొయ్యి" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. 20డబ్ల్యూ-50 పోస్తే కొన్నాళ్ళు పొగ తగ్గినట్టే ఉంటుంది. అరిగిన పిస్టన్ రింగులు మాత్రం అరిగినట్టే ఉంటాయి. పైగా పొద్దున్నే సెల్ఫ్ కొట్టినప్పుడు చిక్కటి ఆయిల్ టర్బో దాకా, వాల్వుల దాకా చేరడానికి టైం పడుతుంది. ఇంజన్ ఎక్కువ అరిగేది అప్పుడే. నీలం పొగైతే ఇంజన్ ఆయిల్ తాగుతోందని, రింగులో వాల్వ్ సీళ్ళో చూడాలి. నల్ల పొగకు ఆయిల్‌తో పనే లేదు; ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు చూపించుకోండి.

"మన ఎండలకు పల్చటిది ఆగదండీ" అనేది ఇంకో మాట. బెజవాడలో మే నెల 45 డిగ్రీలుంటే ఉండనీయండి, వేడెక్కిన ఇంజన్లో ఆయిల్ ఎలాగూ 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. డబ్బా మీద రెండో అంకె, ఆ 40, చెప్పేది ఆ వేడిలో చిక్కదనమే. 1.3 డీజిల్ స్విఫ్టుల వాళ్ళు మరీ జాగ్రత్త. టైమింగ్ చైన్ బిగువు ఆయిల్ ప్రెషర్ మీదే ఆధారపడుతుంది. ఆ బళ్ళకు పుస్తకంలో రాసిన గ్రేడే పోస్తాం, బతిమాలినా వేరేది పొయ్యం.

మార్చిన వారానికే ఆయిల్ నల్లబడిందని ఫోన్లు చేయకండి. మసిని పట్టుకోవడం దాని పని. గేజి తీసి చూసినప్పుడు లెవెల్ పెరిగి డీజిల్ వాసన వచ్చినా, పాలు కలిసిన టీ రంగులో కనిపించినా మాత్రం బండి అక్కడే ఆపి ఫోన్ చేయండి. మొదటిది డీజిల్ దిగడం, రెండోది నీళ్ళు చేరడం.

ఖాళీ డబ్బాకు మీ ముందే బొక్క కొడతాం. వాటిని కొని నకిలీ ఆయిల్ నింపేవాళ్ళున్నారు, అందుకే. వచ్చేటప్పుడు ఆర్సీ, బండితో ఇచ్చిన పుస్తకం తెచ్చుకోండి. పుస్తకం పోతే మోడలు, సంవత్సరం చెప్పండి, చూసి పెడతాం. ఆయిల్ ఫిల్టరు మాత్రం ప్రతిసారీ మార్చాల్సిందే, అందులో బేరం లేదు.