ఒలిస్తే పొరలా రావలసిన పూత పొట్టులా రాలిన సంగతి

మన షాపులో ట్రక్కు క్రోమ్ భాగాలకు రంగు మార్పించుకున్నవారిలో 14 మందికి నేను నాసిరకం పూత వేసి పంపాను. ఆ 14 బండ్ల వివరాలు మా పుస్తకంలో ఉన్నాయి, ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేస్తున్నాను. అయినా మిగిలినవారికి కూడా ఇది నా ద్వారానే తెలియాలని రాస్తున్నాను. ఏళ్ల తరబడి తాళాలు నా చేతిలో పెట్టి వెనక్కి చూడకుండా వెళ్లినవారు ఈ సంగతి ఇంకెవరి నోటనో వినవలసి వస్తే నాకు అంతకు మించిన తలవంపు ఉండదు.

ఈ పని కొత్తగా వింటున్నవారి కోసం రెండు మాటలు. గ్రిల్, అద్దాల కప్పులు, తలుపు హ్యాండిళ్లు, పేరు బ్యాడ్జీలు వంటి మెరిసే భాగాలను మాట్ బ్లాక్‌గానో ముదురు బూడిద రంగుగానో మార్చడానికి మేము పెయింటు వాడము. పనిముట్ల పిడులను ముంచి తీయడానికి మొదట పుట్టిన కృత్రిమ రబ్బరు ద్రవాన్నే గన్‌తో చల్లుతాము. పెయింటు నిలవాలంటే క్రోమ్‌ను సాండ్‌పేపరుతో గీకి గరుకు చేయాలి, ఆ తరువాత పాత మెరుపు తిరిగి రాదు. రబ్బరు పూతకు ఆ గీకుడు అక్కరలేదు. విసుగు పుట్టిననాడు ఒక మూల పట్టుకొని లాగితే తొడుగులా ఊడి వస్తుంది, కింద క్రోమ్ ఉన్నది ఉన్నట్లే ఉంటుంది. నలుపు రంగు ఎవరైనా వేస్తారు. వద్దనుకున్ననాడు దాన్ని తీసేయగల వీలుకే మీరు నాకు డబ్బిచ్చారు.

సరిగ్గా అక్కడే మాట తప్పాను. ట్రక్కు అమ్మబోతున్న ఒక పాత కస్టమర్, కొనేవారికి క్రోమే ఇష్టమట, పూత తీసేయమని వచ్చారు. ఆయన ఎదురుగానే పని మొదలుపెట్టాను, ఎందుకంటే అది నలుగురికీ చూపించడం నాకు సరదా. గ్రిల్ కింది మూలను బొటనవేలితో రుద్ది రుద్ది అంచు లేపుతాము. లేచాక రెండు వేళ్లతో పట్టుకొని నెమ్మదిగా వెనక్కి మడుస్తూ లాగితే అడ్డపట్టీ మీది పూత మొత్తం ఒక్క ముక్కగా వస్తుంది. ఆ రోజు అంచు సరిగా లేవనేలేదు. లేచిన చోట గోరంత ముక్క వేళ్లకు అంటుకొని వచ్చింది, దాని పక్కది క్రోమ్ మీదే ఉండిపోయింది. పావుగంటలో బల్ల మీద నల్లటి పొట్టు కుప్ప పడింది, గ్రిల్ మీద మచ్చలు మచ్చలుగా మెరుపు తేలింది. ఆయన ఏమీ అనలేదు. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకొని ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ఈ పూత ఊడి రావడంలో కిటుకు ఒక్కటే. క్రోమ్‌తో దానికున్న పట్టుకంటే తనలో తనకున్న పట్టు ఎక్కువగా ఉండాలి. పొర మందంగా ఉంటే లాగుడుకు తట్టుకొని నిలుస్తుంది, కింది అంటు విడిపోతుంది. పలుచగా ఉంటే అంటు విడవకముందే పొర చిరుగుతుంది. అందుకే మొదటి కోటు కింది మెరుపు సగం కనిపించేంత తేలికగా చల్లి, ఆపైన 20 నుంచి 30 నిమిషాల ఎడంతో 4 లేదా 5 తడికోట్లు వేస్తాము. మా కుర్రవాళ్లు తొందరపడి కోట్లు ఎగ్గొట్టారేమోనని ముందు వాళ్లనే అనుమానించాను, రెండు రోజులు వాళ్లతో ముభావంగా ఉన్నాను. వాళ్లు ఒక్క కోటు కూడా తగ్గించలేదు.

తగ్గింది డబ్బాలోని రబ్బరు. ఈ ద్రవంలో ఎక్కువ భాగం ఎగిరిపోయే ద్రావకమే. అది ఆరిపోయాక మిగిలే రబ్బరే పూత. ద్రావకం పాళ్లు పెంచితే గన్ ఇంకా సాఫీగా నడుస్తుంది, ముక్కుకు అదే వాసన, కంటికి అదే నలుపు, లెక్కకు అన్నే కోట్లు. ఆరాక మాత్రం మందం ఉండదు. అదృష్టవశాత్తూ పాత విడత సరుకు ఒక డబ్బా అడుగున కొంచెం మిగిలి ఉంది. ఒకే కొలత మూతలు రెండు తీసుకొని, ఒకదానిలో పాతది, మరొకదానిలో కొత్తది అన్నే చెంచాలు పోసి వారం రోజులు ఆరబెట్టాను. పాతది సైకిల్ ట్యూబు ముక్కలా, మడిచి వదిలితే తిరిగి విచ్చుకునే బిళ్ల అయింది. కొత్తది మూత అడుగున ఒక మరకలా మిగిలింది. అంచు లేపబోతే ఉల్లిపొరలా చిరిగింది.

ఆ రెండు మూతలూ తీసుకెళ్లి సరఫరాదారు ముందు పెట్టాను. తొమ్మిదేళ్లుగా నాకు సరుకు ఇస్తున్న మనిషి. గన్ ఒత్తిడి ఎక్కువ పెట్టి ఉంటారన్నారు. ఇది గన్‌తో చల్లలేదు, చెంచాతో పోశానన్నాను. అయితే గాలిలో తేమ కారణమన్నారు. తేమ ఎక్కువైతే పూత పైన తెల్లటి మసక వస్తుందే తప్ప మందం తగ్గదన్న సంగతి ఈ సరుకు అమ్మే మనిషికి నేను చెప్పవలసి వచ్చింది. చివరకు వచ్చే విడత మీద కొంత తగ్గిస్తాను, ఇంతటితో వదిలేయండి అన్నారు. నా పనితనానికి ఇంకొకరు తగ్గింపు ధర కడితే ఊరుకునే అలవాటు నాకు లేదు. మిగిలిన డబ్బాలన్నీ ఆయన గుమ్మంలో దింపి వచ్చాను. వ్యాపారం తెలిసినవాడు అలా చేయడని మా ఇంట్లో ఇప్పటికీ అంటున్నారు. అయితే నేరమంతా ఆయన మీదికి తోయలేను. ఆ విడత మొదటి డబ్బా కలిపినప్పుడు, కర్ర మీది నుంచి ద్రవం తీగలా సాగకుండా నీళ్లలా జారడం నేను కళ్లారా చూశాను. చూసి కూడా, తొమ్మిదేళ్ల పరిచయాన్ని నమ్మి, గన్ నింపాను.

ఇక ఆ 14 బండ్లను ఏం చేయాలన్నది మూడు వారాలు తేల్చుకోలేకపోయాను. సులువైన దారి ఒకటి ఉంది, అది తప్పుదారి కూడా కాదు. ఉన్న పలుచటి పూత మీదనే మంచి సరుకుతో మరో 3 లేదా 4 కోట్లు చల్లితే, కొత్త కోటులోని ద్రావకం పాత పొరను మెత్తబరిచి రెండూ కలిసిపోతాయి. ఆరాక మందం సరిపోతుంది, ఊడదీయాలనుకున్ననాడు చక్కగా వస్తుంది. ఆ గ్రిల్‌ను చివరకు మేము శుభ్రం చేసింది కూడా అలాగే: పొట్టు మిగిలిన చోట్ల మందంగా చల్లి, రాత్రంతా ఆరనిచ్చి, మరునాడు లాగాము. అన్ని బండ్లకూ ఇదే చాలునని మా మేస్త్రీ అన్నారు. ఒక పూటలో పని అయిపోతుంది, మనం చెబితే తప్ప వాళ్లకు తేడా తెలియదు కూడా అన్నారు. ఆ చివరి మాట నాకు మింగుడుపడలేదు. డబ్బాలో ద్రావకం పెంచినవారు అనుకున్నది కూడా అదే కదా. పైగా ఆ అడుగు పొరలో రబ్బరుకు బదులు ఏం కలిపారో ఆ సరఫరాదారు నాకు చెప్పలేదు; అది క్రోమ్‌ను అంటిపెట్టుకొని ఇంకో రెండేళ్లు ఎండావానల్లో తిరిగితే ఏమవుతుందో దానికి నేను పూచీ పడలేను. నెలల తరబడి రోడ్డు మీద తిరిగిన అంచుల్లో దుమ్ము కూడా చేరి ఉంటుంది. దాని మీద చల్లితే దుమ్మును లోపల పెట్టి మూత వేసినట్లే. ప్రెషర్ వాషర్ తగిలిన మొదటిసారే ఆ అంచు లేస్తుంది.

కాబట్టి రెండు దఫాల పని పెట్టుకున్నాను. మందంగా చల్లి, మరునాడు మొత్తం ఒలిచి, క్రోమ్‌ను ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ మొదటి కోటు నుంచి వేస్తాము. ఒలిచిన రోజు మీరు వచ్చి మీ క్రోమ్‌ను మీ కళ్లతో చూసి సరేనన్న తరువాతే కొత్త పూత మొదలవుతుంది. దీనికి మీరు ఏమీ ఇవ్వనక్కరలేదు. మాది బాగానే ఉంది, వదిలేయండి అన్నవారు ఇప్పటికే ఇద్దరున్నారు; దయచేసి ఆ మొహమాటం వద్దు, అది నాకు సాయం కాదు. బండి మా దగ్గర 3 రోజులు ఉండాలి. ఒక్కరోజులో ఇమ్మని తొందరపెడితే మాత్రం చేయను. రబ్బరు పూతంటేనే ఇంత అని ఒకరన్నారు. కాదు, ఆ రెండు మూతలూ కౌంటరు మీదే ఉన్నాయి, వచ్చి చూడండి.

ఒక విషయంలో నేనే వెనక్కి తగ్గుతున్నాను. రంగు వేయని గరుకు ప్లాస్టిక్ బంపర్లకు, చక్రాల పైనున్న ప్లాస్టిక్ అంచులకు ఇకపై ఈ పూత వేయము. నున్నటి క్రోమ్ మీద నుంచి వచ్చినంత సులువుగా ఆ గరుకులోంచి రబ్బరు రాదు. మంచి సరుకు వేసినా సందుల్లో చుక్కలు మిగులుతాయి, వాటికి ద్రావకం పెట్టి బ్రష్‌తో రుద్దితే ప్లాస్టిక్ పాలిపోయే ప్రమాదం ఉంది. ఇది ముందే తెలిసినా అడిగినవారిని కాదనలేక వేశాను. 14లో 4 బండ్లకు అలా ఉంది, ఆ నలుగురితో విడిగా కూర్చుని మాట్లాడతాను.

సరుకు ఇప్పుడు మరొకరి దగ్గర తీసుకుంటున్నాము. ప్రతి విడతలో మొదటి డబ్బా నుంచి ఒక పాత క్రోమ్ బ్యాడ్జీకి వేసి, ఆరాక నేనే ఒలిచి చూస్తాను. ఆ ఒలిచిన తొడుగు తేదీతో సహా కౌంటరు వెనుక మేకుకు వేలాడుతుంది, కావాలంటే లాగి చూసుకోండి. పెట్రోలు ఒలికిన చోట పూత మెత్తబడి పాడవుతుందన్న పాత హెచ్చరిక అలాగే ఉంది.

బండి తెచ్చేముందు ఒక్క పని మాత్రం చేయకండి. షాపుకు తీసుకెళ్తున్నాం కదా అని గ్రిల్‌కు మైనం పాలిష్ గాని, సిలికాన్ కలిసిన మెరుపు ద్రవం గాని రాయకండి. కడగకుండా బురదతో తెచ్చినా మాకు ఇబ్బంది లేదు. ఆ జిడ్డు మీద మాత్రం కొత్త కోటు పట్టదు, దాన్ని తుడవడానికే మాకు సగం రోజు పోతుంది.