ఇంజెక్షన్ మాత్రం మానకు బావా

బావా,

నీ ఉత్తరం అందింది. ప్రోస్టేట్ కేన్సర్‌కి హార్మోన్ తగ్గించే ఇంజెక్షన్ మొదలైనప్పటి నుంచి ఒంట్లో ఆవిర్లు, నీరసం, ఊరికే కళ్ళనీళ్ళు... ఇవన్నీ పడలేక మానేద్దామనుకుంటున్నానని రాశావు. చదివి చాలా బాధపడ్డాను. డాక్టర్ని అడక్కుండా మాత్రం ఆ పని చెయ్యొద్దు. ఈ కేన్సర్‌కి టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోనే మేత. దాన్ని ఆపితే జబ్బు అణుగుతుందని చికాగోలో చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు 1941లోనే చూపించాడు, అందుకే 1966లో నోబెల్ ఇచ్చారు. నువ్వు పడుతున్నవన్నీ ఆ హార్మోన్ తగ్గడం వల్ల వచ్చేవే, నీ చేతకానితనం కాదు.

నేనూ ఈ ఇంజెక్షనే వేయించుకుంటున్నాను కదా, ఆవిర్ల సంగతి నాకు మీ చెల్లెలే చెప్పింది. ఓ రాత్రి నాకు మెడ దగ్గర మొదలై మొహమంతా వేడెక్కి, బనీను తడిసి ముద్దయ్యింది. ఆ వెంటనే చలి. తువ్వాలు అందిస్తూ, "నాకు ముట్లు ఆగిపోయినప్పుడు అచ్చం ఇలాగే ఉండేదండీ" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ బాధ నాకు అప్పుడు తెలిసింది. మంచం పక్కన చన్నీళ్ళు, ఇంకో నూలు బనీను పెట్టుకో. కారం తిన్నాక, వేడి కాఫీ తాగాక ఎక్కువవుతున్నాయేమో గమనించు. నాకు అవుతున్నాయి, అందుకే గుంటూరులో ఉంటూ కూడా రాత్రిపూట పచ్చడి మానేశాను. అప్పటికీ నిద్ర లేకపోతే డాక్టర్ని అడుగు, తగ్గించే మాత్రలున్నాయి.

అయితే నన్ను ఎక్కువ భయపెట్టింది కండ, ఎముక. ఈ మందుతో కండ కరిగి కొవ్వు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఒక్క నడక సరిపోదు. ఎన్టీఆర్ స్టేడియంలో నడిచొచ్చాక నేను కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చుంటాను, చిన్న డంబెల్స్ ఎత్తుతాను. మొదట్లో తొడలు వణికేవి. ఇప్పుడు మెట్లెక్కాలంటే రెయిలింగ్ వెతుక్కోను. నీరసానికి పడుకోవడం కంటే ఇదే బాగా పనిచేస్తోంది. పొద్దున రాగి జావ, పెరుగు తప్పనివ్వకు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. నీకు షుగరుంది కాబట్టి జావలో బెల్లం వద్దు.

మొగుడూపెళ్ళాల విషయం కూడా రాయాలి, నువ్వు సిగ్గుపడి అడగలేదు. కోరిక తగ్గుతుంది, ఒళ్ళు సహకరించదు. చెల్లాయికి విడమరిచి చెప్పు. చెప్పకపోతే తనమీద ఇష్టం పోయిందనుకుంటుంది పాపం. కళ్ళనీళ్ళు, దిగులు చాలారోజులు వదలకపోతే అదీ డాక్టరుకి చెప్పాల్సిందే.

ఈసారి వెళ్ళినప్పుడు ప్రోస్టేట్ జబ్బు ఎలా ఉందో చెప్పే పీఎస్ఏ రక్తపరీక్షతో పాటు షుగరు, కొలెస్ట్రాల్, విటమిన్ డి చూడమను. ఎముకల సాంద్రతకి డెక్సా స్కాన్ ఎప్పుడు చెయ్యాలో అడుగు. ఎముకలకి ఇంజెక్షన్ ఇస్తామంటే ముందు పళ్ళ డాక్టరుకి చూపించు, పుచ్చిన పన్నుంటే తీయించుకున్నాకే అది వేయించుకోవాలి. నీ కుడి దవడపన్ను నొప్పి ఇంకా ఉందిగా, దాని సంగతేమైందో వెంటనే రాయి.

నీ
బావ