మంచం పక్కన మాట్లాడండి, అయ్యగారూ

సంపాదకుల వారికి,

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలా ఇళ్లకు చావు చెప్పే వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బు ముదిరిన మనిషి ఇంట్లో ఉంటే, ఏం జరగబోతోందో అందరికీ లోలోపల తెలుసు. అయినా ఎవరూ నోరు విప్పరు. క్రైస్తవ కుటుంబాల్లో ముందుగా నోరు విప్పాల్సింది సంఘకాపరి. మా ఇంట్లో మాత్రం ఉన్న మాటను మూయించింది ఆయనే.

మా బావగారు మూడేళ్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకున్నారు. ఒక సాయంత్రం ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారిని, "అయ్యగారూ, నన్ను మా నాన్న పక్కన పెడతారా, లేక..." అని అడగబోయారు. "అవిశ్వాసపు మాటలు వద్దు, స్వస్థత పొందానని పలకండి" అంటూ పాస్టరుగారు బావగారి తల మీద చేయి వేసి గట్టిగా ప్రార్థన అందుకున్నారు. బావగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. పదకొండో రోజు పోయారు.

బైబిల్లో హిజ్కియా రాజు కూడా గోడ వైపే తిరిగాడు. కానీ అంతకుముందే యెషయా ప్రవక్త వచ్చి, చావు దగ్గరపడింది, ఇల్లు చక్కబెట్టుకో అని ముఖం మీదే చెప్పాడు. అది విన్నాకే రాజు ఏడ్చి ప్రార్థించాడు, 15 ఏళ్ల ఆయుష్షు దొరికింది. యాకోబైతే తనను తాతతండ్రులను పెట్టిన మక్పేలా గుహలోనే పాతిపెట్టాలని కొడుకులకు చెప్పి మరీ కన్నుమూశాడు. అదీ అవిశ్వాసమేనా?

భూస్థాపన సంగతి చెప్పకుండా ఉండలేను. ఎండలో రెండున్నర గంటలు. ఐదుగురు పాస్టర్లు మైకు అందుకున్నారు. ఒకాయన బావగారి పేరు చీటీలో చూసి చదివారు, అదీ తప్పుగా. గొయ్యి తవ్వింది పక్కింటి హిందూ కుర్రాళ్లు. ప్రభువును నమ్మనివారి గతి ఏమిటో వాళ్లు పారల మీద ఆనుకుని చివరిదాకా విన్నారు. తర్వాత వాళ్లే మట్టి కప్పారు.

నా చిన్నతనంలో మా ఊరి ముసలి అయ్యగారు మంచం పక్కన పీట వేసుకుని కూర్చునేవారు. ఏ కీర్తన పాడమంటారు, ఎవరితోనైనా మాట కలపాలా, బాకీలేమైనా ఉన్నాయా అని అడిగి నోటు పుస్తకంలో రాసుకునేవారు. అలా అడిగినందుకు ఎవరూ ఒక రోజు ముందు పోలేదు.

జిల్లాలోని సంఘ పెద్దలకు, బైబిలు పాఠశాలలు నడిపేవారికి నా మనవి. ప్రసంగం నేర్పుతున్నారు, మంచం పక్కన కూర్చోవడం కూడా నేర్పండి. స్వస్థత కోసం ప్రార్థించవద్దని అనను. రోగి చెప్పేది పూర్తిగా విన్నాక ప్రార్థించండి. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలని చెప్పండి. ఆ ఇద్దరూ మీ సంఘ పెద్దలే కావచ్చు. భూస్థాపనలో ఆ మనిషిని ఎరిగినవారు ఒక్కరు మాట్లాడితే చాలు.

బావగారిని చివరికి రోడ్డు వార, జీడితోటను ఆనుకుని ఉన్న కొత్త సమాధుల తోటలో పెట్టాం. ఆ "లేక" తర్వాత ఆయన ఏం అనబోయారో అని మా తోటికోడలు ఇప్పటికీ నన్ను అడుగుతూ ఉంటుంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా