అమ్ములూ, ఆ 18,000 బొమ్మ గురించి

చిలకలగూడ,
సికింద్రాబాద్

చిరంజీవి అమ్ములుకి నాన్న దీవించి రాసేది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ అమ్మ మోకాలికి మెట్లు కనబడితేనే నొప్పి గుర్తొస్తోంది, మిగతా వేళల్లో బాగానే తిరుగుతోంది.

నిన్న ఫోన్లో నువ్వడిగితే 'చూద్దాంలే' అని పెట్టేశాను గానీ, రాత్రంతా అదే ధ్యాస. కాన్వాసు మీద బొమ్మ, ఆరు వాయిదాల్లో 18,000, 'లిమిటెడ్ ఎడిషన్, 500లో 112వది', తోడుగా ఒక సర్టిఫికెట్. ఇంకో అయిదేళ్లలో ధర పెరుగుతుందని కూడా అన్నారట. కొనొద్దని ఫోన్లో చెబితే నాన్న పిసినారి అంటావు. అందుకే ఇది. ముప్పై ఏళ్లు ఆర్.ఎం.ఎస్.లో, అదే రైల్వే మెయిల్ సర్వీసులో, ఊరి ఉత్తరాలన్నీ విడదీసినవాణ్ణి, ఒకటి రాయడానికి బద్ధకిస్తానా?

ఆ బొమ్మ చెడ్డదని అనడం లేదు. ఎవరో వేసిన పెయింటింగుని ఫొటో తీసి, మంచి ఇంక్‌జెట్ మిషన్లో పెద్దగా అచ్చేశారు. దానికి 'జిక్లే' అని ఫ్రెంచి పేరొకటి. మన వీధి చివర ఫ్లెక్సీలు వేసే మిషనుకి అది పట్నంలో చదువుకున్న తమ్ముడు. రంగులు బాగుండొచ్చు, చాలాకాలం నిలవొచ్చు కూడా. కానీ 500 దగ్గర ఆపుతామన్నది అమ్మేవాడి మాట మాత్రమే. కంప్యూటర్లో ఫైలు అరగదు, తరగదు. పోస్టరు ధరకి పోస్టరనుకుని కొనుక్కో, నేనేమీ అనను.

ప్రింటు అనగానే నీకు జిరాక్సు గుర్తొస్తుంది. తప్పు నీది కాదు, మనం రెండింటినీ అచ్చు అనే అంటాం. హాల్లో అల్మారా పక్కనున్న మేకల బొమ్మ గుర్తుందా? అది ఎచింగ్. రాగి రేకుకో జింకు రేకుకో మైనం లాంటి పూత పూసి, సూదితో గీస్తారు. ఆసిడ్‌లో ముంచితే పూత లేచిన చోటల్లా లోహాన్ని అది కొరుకుతుంది. ఆ గాడిలో సిరా కూరి, పైపైన తుడిచేసి, తడిపిన కాయితం పరిచి ప్రెస్సు రోలరు కింద నడిపిస్తారు. ఇంకో కాపీ కావాలంటే మళ్లీ సిరా కూరాలి, మళ్లీ తుడవాలి, మళ్లీ నడిపించాలి. అలా తీసిన పదిహేను కాపీలకీ వెనక వేరే 'అసలు బొమ్మ' అంటూ ఎక్కడా ఉండదు. పదిహేనూ అసలువే. చిత్రకారుడి కష్టానికి పదిహేనుమంది తలా ఇంత ఇచ్చుకుంటారు కాబట్టి మనలాంటివాళ్ల చేతికి అందుతుంది.

అది 1994లో కొన్నాను. గచ్చిబౌలి యూనివర్సిటీలో ఆర్ట్స్ విద్యార్థుల ప్రదర్శన పెడితే, బస్సు దిగి ఎండలో నడిచి వెళ్లాను. 600 చెప్పాడు ఆ కుర్రాడు. జేబులో దసరా బోనసులో మిగిలిన 300 ఉన్నాయి. మిగతావి వచ్చే నెల ఇస్తానంటే బొమ్మ చేతిలో పెట్టి పంపేశాడు, అడ్రసు కూడా రాసుకోలేదు. అక్కడే లక్ష్మాగౌడ్ గారి ఎచింగులు కూడా మొదటిసారి చూశాను. మెదక్ జిల్లా నిజాంపూర్లో పుట్టి బరోడాలో చదివొచ్చిన చిత్రకారుడు. ఆ మేకలూ ఆ ఊరి జనమూ వెంట్రుకంత సన్నటి గీతల్లో. నా జీతానికి ఆ గీత అందేది కాదు, కానీ చూడ్డానికి డబ్బులేం అడగలేదుగా. ఆ తరవాతే కుర్రాడి మేకలు నా కంటికి ఆనాయేమో.

ఆ బొమ్మకి నేను చేసిన ద్రోహం నీకెప్పుడూ చెప్పలేదు. ఫ్రేము కట్టించడానికి స్టేషను దగ్గర ఒక షాపులో ఇచ్చాను. కొలతకి చేయిస్తే 140, తయారుగా ఉన్నదైతే 60. నేనేది ఒప్పుకుని ఉంటానో నీకు తెలుసు. సాయంత్రం వెళ్లేసరికి బొమ్మ బిగుతుగా, చక్కగా కూచుంది. కింద అంచు లేదు. పెన్సిలు సంతకం, 4/15 అన్న అంకె, రేకు నొక్కిన పల్లం, అన్నీ ఆ అంచులోనే ఉన్నాయి. 'ఖాళీ కాయితమే కదా సార్, పట్టలేదని కోసేశా' అన్నాడు. అతణ్ణి ఏమనాలి? 80 రూపాయలు మిగుల్చుకున్నది నేను. చెత్తబుట్ట బోర్లించి వెతికితే ఆ చీలిక దొరికింది. ఇప్పటికీ బీరువాలో, నీ పదో తరగతి మార్కుల లిస్టు ఉన్న కవర్లోనే ఉంది.

కాబట్టి ఎప్పుడు ఏది కొన్నా ముందు అంచు చూడు. 4/15 అంటే మొత్తం 15 తీశారు, ఇది నాలుగోదని. అంకె చిన్నదైతే గొప్పదన్న భ్రమ వద్దు. ఒక్క డ్రైపాయింట్‌కే ఆ పట్టింపు కొంత నిజం. అక్కడ ఆసిడ్ ఉండదు, సూదితో నేరుగా రేకునే గీకుతారు. గీత పక్కన లేచిన లోహపు నూగు సిరాని పట్టి మెత్తటి నలుపునిస్తుంది, కొన్ని కాపీలు తీసేసరికి అది నలిగిపోతుంది. ఎ.పి. అని రాసుంటే చిత్రకారుడు తన కోసం ఉంచుకున్న కాపీ. ఫ్రేము మాత్రం కొలతకే చేయించు, వెనక బంక పెట్టనివ్వకు, అద్దం బొమ్మకి ఆనకూడదు, మధ్యన ఆసిడ్ లేని మౌంటు, అంటే బొమ్మ చుట్టూ అట్ట అంచు, ఉండాలి. బాత్రూము గోడకి తగిలించావంటే వానాకాలం వెళ్లేలోపు బూజు పట్టేస్తుంది.

ఇలా రేకుల మీద ప్రింట్లు తీసిన ఇంకొకాయన గురించి చెప్పాలి. చిత్తూరు జిల్లా పల్లెలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్లో చదువుకుని, పారిస్ వెళ్లి, చివరికి న్యూయార్కులో స్థిరపడ్డారు, 2018లో అక్కడే పోయారు. మామూలుగా ఒక్కో రంగుకీ ఒక్కో రేకు చేసుకుని, ఒకదాని మీదొకటి అచ్చేస్తారు. ఈయన ఒక్క రేకునే ఎత్తుపల్లాలుగా చెక్కారు. నూనె ఎక్కువ కలిపిన పల్చటి సిరాని గట్టి రోలరుతో నడిపితే మిట్టలకే అంటుతుంది. చిక్కటి సిరాని మెత్తటి రోలరుతో నడిపితే పల్లాల్లోకి దిగుతుంది, ముందే నూనె పట్టిన మిట్టలు దాన్ని దగ్గరికి రానివ్వవు. దోసె పెనం మీద నూనె ఎక్కువైతే పిండి పట్టుకోకుండా జారిపోవడం నువ్వు చూశావుగా, అదే సూత్రం. ఒక్క రేకు, ఒక్కసారి ప్రెస్సు కింద నడిపితే అన్ని రంగులూ పలికేస్తాయి. ఆయన ప్రింటు ఒకటి ఎగ్జిబిషన్లో చూసి అరగంట నిలబడిపోయాను. మీ అమ్మ బయట బెంచీ మీద పల్లీలన్నీ తినేసి, ఇక పోదామా అంది.

మా శాఖవాడే ఒకాయన ఉండేవాడు తెలుసా? మన దేశంలో కాదు, న్యూయార్కులో. హెర్బర్ట్ వోగెల్. తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడదీసే గుమస్తా. భార్య డొరతీ బ్రూక్లిన్‌లో లైబ్రేరియన్. ఆమె జీతంతో ఇల్లు, ఈయన జీతంతో బొమ్మలు. కొనగలగాలి, తమ ఒంటి బెడ్రూమ్ ఇంట్లో పట్టాలి, ఇంతే వాళ్ల లెక్క. అప్పటికి ఎవరూ పట్టించుకోని కుర్ర చిత్రకారుల దగ్గరికి వెళ్లి, చిన్న చిన్న డ్రాయింగులు వాయిదాల్లో కొనేవాళ్లు. క్రిస్టో అనే చిత్రకారుడూ భార్యా ఊరెళితే వాళ్ల పిల్లిని చూసిపెట్టి, బదులుగా ఒక బొమ్మ తెచ్చుకున్నారు. అలా 4,000 పైచిలుకు పోగయ్యాయి, ఆ ఇంట్లోనే, పిల్లులతో తాబేళ్లతో పాటు. 1992లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి ఇవ్వడం మొదలెట్టారు, 2008లో 50 రాష్ట్రాలకీ తలా 50 బొమ్మలు పంచే ఏర్పాటు చేశారు. ఇది మీ అమ్మకి చదివి వినిపిస్తే, 'మీ జీతం ఇంటికి, నాది బొమ్మలకి అంటే నేనూ ఒప్పుకునేదాన్ని' అంది. ఆవిడకి ఉద్యోగం లేదన్న సంగతి నేను గుర్తు చెయ్యలేదు.

నువ్వు బెంగుళూరులో ఉండి ఆన్‌లైన్లో వెతకడమేమిటే? ఏటా జనవరిలో కుమారకృపా రోడ్డు మీద చిత్రకళా పరిషత్తు వాళ్లు చిత్రసంతె పెడతారు. రోడ్డంతా బొమ్మలే, వేసినవాళ్లే పక్కన కూచుని ఉంటారు. పొద్దున్నే వెళ్లు. మొదటి చుట్టు పర్సు తియ్యకుండా తిరుగు. ఇంటికి పోదామనుకున్నప్పుడు ఏ బొమ్మ దగ్గరికి కాళ్లు లాగుతాయో దాని దగ్గర ఆగి, ఎలా చేశారని అడుగు. లినోలియం షీటు మీదా చెక్క మీదా చెక్కి అచ్చేసే లినోకట్లు, వుడ్‌కట్లు చిన్న సైజువి నీ వారం క్యాంటీను ఖర్చులో వచ్చేవీ ఉంటాయి. అచ్చు మరీ తళతళలాడుతూ దగ్గర్నుంచి చుక్కలు చుక్కలుగా ఉంటే అది మిషను బొమ్మ, తెలిసే కొనుక్కో. బేరం మాత్రం వంకాయల దగ్గర ఆడినట్టు ఆడకు. డబ్బు చాలకపోతే, రెండు నెలల్లో ఇవ్వొచ్చా అని అడుగు, సిగ్గేం లేదు. ఏడాదికొకటి చాలు.

18,000 పెట్టి వాయిదాలు కడితే బొమ్మ మీద మోజు మూడో నెలలో పోతుంది, వాయిదా ఆరో నెల దాకా ఉంటుంది.

వచ్చే ఆదివారం పిన్నివాళ్లు బెంగుళూరు వస్తున్నారు. వాళ్ల చేత మన ఇరానీ హోటలు లినోకట్ పంపుతున్నాను. గుర్తుందా? పాపం ఆ పిల్లాడు లినోలియం మీద హోటలు బోర్డుని మామూలుగా చెక్కేశాడు, తిరగేసి చెక్కాలని మరిచిపోయి. అచ్చేస్తే అక్షరాలన్నీ తలకిందులు కాదు గానీ, ఎడం కుడైపోయాయి. సిగ్గుపడి 150కే ఇచ్చేశాడు. నువ్వప్పుడు రెండో క్లాసు. మీ అమ్మ బొట్టు అద్దం పట్టుకొచ్చి బొమ్మకి ఎదురుగా పెట్టి, 'ఇ-రా-నీ చా-య్' అని కూడబలుక్కుని చదివి, ఇల్లంతా గంతులేశావు. నీ మంచం ఎదురుగోడకి తగిలించు, ఎండ తగలనివ్వకు. అద్దం కూడా అదే పొట్లంలో పెట్టాను.

ఇట్లు,
మీ నాన్న