యాప్ సరే, టైంటేబుల్‌లో దానికి చోటేదీ?

సంపాదకులకు నమస్కారం.

సర్కారు బడుల్లో, జీవీఎంసీ (మన విశాఖ నగరపాలక సంస్థ) బడుల్లో ప్రతి పిల్లా తన స్థాయిని బట్టి, తన వేగంతో నేర్చుకునేలా ఒక డిజిటల్ వేదిక ఉండాలనే వాళ్లలో నేనూ ఒకరిని. గూగుల్ డేటా సెంటర్ వస్తుందని 2025 అక్టోబరు నుంచి మురిసిపోతున్న ఊళ్లో, మునిసిపల్ బడి పిల్లకి ఒక మంచి లెక్కల యాప్ అడగడం అత్యాశేమీ కాదు. కానీ ఏ యాప్ తీసుకోవాలి, ఎన్ని ట్యాబులు కావాలి అన్న మాటే తప్ప, దాన్ని ఏ పీరియడ్‌లో వాడాలన్న మాట ఎవరి నోటా రాదు. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన నాకు అసలు చిక్కంతా అక్కడే కనిపిస్తుంది.

ఏడో తరగతిలో బోర్డు మీద 1/2 + 1/3 వేయండి. 2/5 అని రాసేవాళ్లు ఏ సెక్షన్‌లోనైనా ఉంటారు. పైవి పైన, కిందవి కింద కలిపేశారన్నమాట. ‘సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా అమ్మా?’ అని అడిగితే బిక్కమొహం వేస్తారు. 2/5 అంటే ఎంతో వాళ్ల కళ్లకి కట్టదు మరి. కాగితం మడిచి, ముక్కలు చేసి, నాలుగైదు తరగతుల్లోనే పడాల్సిన పునాది అది. మామూలు యాప్ ఇక్కడ ఎర్రగా తప్పు గుర్తు చూపించి, అదే వీడియో మళ్లీ వేస్తుంది. ఆ పాఠం చెప్పే గొంతు వార్తలు చదువుతున్నట్టు ఉంటుంది, అది వేరే సంగతి. మంచి యాప్ అయితే 2/5 అన్న జవాబు చూడగానే ఆ పిల్ల ఎక్కడ తప్పిందో పసిగట్టి, నాలుగో తరగతి భిన్నాల దగ్గరికి తీసుకెళ్తుంది. పక్క బెంచీ వాళ్లకి తెలియదు, నామోషీ ఉండదు. నలభై మంది ఉన్న గదిలో ఒక్కొక్కరికీ ఇలా చేయడం ఎంత మంచి టీచరుకైనా కష్టం. యంత్రం సాయం కావాల్సింది అందుకే.

ఇది పనిచేస్తుందా అంటే, చేస్తుంది. పిల్ల స్థాయిని బట్టి పాఠాలిచ్చే మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఢిల్లీలో పరీక్షించి కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు పరిశోధకులు 2019లో ఫలితాలు ప్రచురించారు. అక్కడి ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. దాన్ని వాడిన పిల్లలు నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ బాగా ముందుకొచ్చారు. అయితే అది ఉత్త యాప్ కాదు. వారానికి ఆరు రోజులు, బడి వేళలు కాకుండా 90 నిమిషాల తరగతి. అందులో 45 నిమిషాలు కంప్యూటర్ ముందు, 45 నిమిషాలు చిన్న బృందాలుగా ఒక మనిషి దగ్గర. మన దగ్గర ఈ అధ్యయనం గురించి గొప్పగా చెప్పేవాళ్లు ఆ రెండో 45 నిమిషాల ఊసెత్తరు. ఇంకొకటి కూడా చెప్పరు. బాగా వెనకబడిన పిల్లలు నిజంగానే నేర్చుకున్నా, ఆ మెరుగు వాళ్ల బడి పరీక్షల్లో పెద్దగా కనబడలేదు. బడి పరీక్ష ఆ తరగతి సిలబస్‌నే అడుగుతుంది, వాళ్లు నేర్చుకున్నది దానికి కింది తరగతులది కదా!

మన రాష్ట్రంలో 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు పంచడం మొదలైంది. టీచర్లకిచ్చినవి కలిపి ఐదు లక్షల పైమాటే. వాటిలో ఎక్కించి ఇచ్చింది బైజూస్ అనే ప్రైవేటు కంపెనీ తయారుచేసిన ఎనిమిది, తొమ్మిది తరగతుల పాఠాలు. ఐదో తరగతి భాగహారం దగ్గరే ఆగిపోయిన పిల్లాడికి తొమ్మిదో తరగతి వీడియో ఎంత రంగురంగులుగా ఉంటే మాత్రం ఏం లాభం? ఆ కంపెనీయేమో 2024 జులైకల్లా దివాలా కేసులో పడింది. పాఠాలు ఒక్క కంపెనీ చేతిలో ఉండకూడదనడానికి ఇంతకంటే ఏం కావాలి? 2017 నుంచీ డిజిటల్ పాఠాలకి కేంద్ర ప్రభుత్వ దీక్షా వేదిక ఉంది. కొత్తగా ఏది తెచ్చినా దానితో కలిసి నడవాలి, నెట్ లేనప్పుడు కూడా పనిచేయాలి.

ఇక టీచరు సంగతి. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో అడిగే మొదటి ప్రశ్న ‘సిలబస్ ఎంతవరకూ వచ్చింది?’ అనే. ఎఫ్ఏ-1 (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో మొదటిది) తేదీ నెత్తిమీద ఉంటుంది. హాజరు ఫోన్‌లో వేయాలి, మధ్యాహ్న భోజనం వివరాలు ఎక్కించాలి. ఇన్ని టెన్షన్ల మధ్య ‘మా ఏడో తరగతి పిల్లలు పన్నెండు మంది ఈ నెల నాలుగో తరగతి లెక్కలు చేస్తున్నారు సార్’ అని ఏ టీచరు ధైర్యంగా చెప్పగలదు? చెబితే మెమో వస్తుందేమోనన్న భయం. అందుకే యాప్ ఎంత మంచిదైనా చివరికి సిలబస్ వీడియోలు చూపించే టీవీలా మిగిలిపోతుంది. పై అధికారులు అడిగేది లాగిన్ల లెక్క కాబట్టి అవి మాత్రం ఘనంగా పెరుగుతాయి.

అందుకని యాప్ కంటే ముందు ఒక జీవో కావాలి. ఆరు, ఏడు తరగతుల్లో లెక్కలకి వారానికి రెండు పీరియడ్లు స్థాయి చదువుకే వదిలేయాలి. ఆ పీరియడ్లలో సిలబస్ అడగకూడదు. పిల్ల జూన్‌లో ఎక్కడుంది, ఇప్పుడెక్కడుంది అన్నదానికి ఎఫ్ఏలో కొన్ని మార్కులు ఉండాలి. ఇదంతా బడిలోనే జరగాలి. జాలరిపేటలోనో, ఆటో నడిపేవాళ్ల ఇళ్లలోనో ఉన్న ఒక్క ఫోనూ తండ్రితో పాటే బయటికి పోతుంది. రాత్రి అది ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోతారు. అలాంటిచోట ఇంటి దగ్గర ఆన్‌లైన్ హోంవర్క్ అంటే ఎలా? మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు ఉన్నట్టే తెర మీద కూడా రెండూ ఉండాలి. లెక్క వచ్చిన పిల్ల కూడా ప్రశ్న అర్థంకాక తప్పు చేస్తే, యాప్ దాన్ని లెక్క తప్పే అనుకుంటుంది.

రాష్ట్రమంతా ఒకేసారి వద్దు. గాజువాక, మధురవాడ, కంచరపాలెం వైపు కొన్ని జీవీఎంసీ బడులు తీసుకుని ఒక విద్యా సంవత్సరం నడపండి. జూన్‌లో ఒకసారి, మార్చిలో ఒకసారి యాప్‌తో సంబంధం లేని వాళ్లచేత కాగితం మీద పరీక్ష పెట్టించండి. యాప్ లేని పక్క బడులకీ అదే పేపరు ఇవ్వండి. ఆ ఫలితాలు మంచివైనా చెడ్డవైనా బడుల వారీగా మీ జిల్లా పేజీలో రావాలి. అప్పటిదాకా ఏ కంపెనీతోనూ ఐదేళ్ల ఒప్పందం వద్దని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత గణిత స్కూల్ అసిస్టెంట్,
కంచరపాలెం, విశాఖపట్నం