క్యోటో వెళ్ళేవాళ్ళు చూడండి

అందరికీ నమస్తే అండీ. క్యోటోలో ఒక్క పూటైనా ప్రైవేట్ గైడ్‌తో నడవండి. మేం పొద్దున్నే ఫుషిమి ఇనారికి వెళ్ళాం, 711లో వెలిసిన వరి దేవుడి గుడి, ఎర్రటి తోరీ ద్వారాల కింద కొండెక్కుతుంటే వాటి వెనక రాసినవి దాతల పేర్లనీ, నక్క విగ్రహం నోట్లో ఉన్నది ధాన్యం కొట్టు తాళంచెవి అనీ గైడ్ ఆగి ఆగి చూపించారు.

తర్వాత తినుబండారాలు దొరికే నిషికి మార్కెట్. శాకాహారులు జాగ్రత్త, కూరగాయల సూప్‌లా కనిపించినా అందులో పోసే దాషి (జపాన్ వంటల్లో వాడే రసం) చాలాచోట్ల ఎండుచేపతో కాచిందే, అందుకే సముద్రపు నాచుతో చేసిందేనా అని గైడ్‌తో అడిగించండి. బౌద్ధ ఆలయాల్లో పెట్టే షోజిన్ ర్యోరి భోజనంలో మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఉండవు, మా అమ్మ కడుపునిండా తిన్నది. వచ్చేవాళ్ళు పేర్లు చెప్పండి, కలిసి ఒకే గైడ్‌ని మాట్లాడుకుందాం.